అదుపు తప్పింది

2018 అక్టోబర్‌లో ఒక శనివారం ఉదయం, నేను ఒక్కదాన్నే నడుపుతున్న సెస్నా 172 విమానం దిగుతూ దిగుతూ రన్‌వే వదిలేసి గడ్డిలోకి వెళ్ళి, ముక్కు మీద వాలి ఆగింది. నాకు దెబ్బలేమీ తగల్లేదు. సీటు బెల్టు ఒరుసుకుని ఎడమ భుజం మీద కమిలిన గీత ఒకటి వారం రోజులుండి పోయింది. ఈ సంగతి నేను ఇంట్లో నాలుగేళ్ళ దాకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయానని నన్ను నేను అడుగుతూ పోతే ఈ వ్యాసం తయారైంది.

నా పీహెచ్‌డీ తెలుగు స్త్రీవాద కవిత్వం మీద. 1980ల నుంచి వచ్చిన కవిత్వంలో ఇల్లు, వంటగది, వీధి, ఆకాశం వంటి స్థలాలు ఎలా కనబడతాయన్నది నా పరిశీలన. ఆఖరి అధ్యాయం ఆకాశం గురించి. 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనానికి ‘నీలిమేఘాలు’ అని పేరు పెట్టడం దగ్గర మొదలుపెట్టి రెక్కలు, పంజరం, ఎగరడం అనే ప్రతీకల మీద యాభై పేజీలు రాశాను. పరీక్షకులు మెచ్చుకున్నది కూడా ఆ అధ్యాయాన్నే. ఆ తర్వాత రెండేళ్ళ పరిశోధన ఫెలోషిప్ మీద అమెరికా మధ్యప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. మొక్కజొన్న చేల మధ్య ఊరు. ఊరి చివర కంట్రోల్ టవర్ కూడా లేని చిన్న విమానాశ్రయం, దానికి ఆనుకుని ఒక ఫ్లయింగ్ స్కూల్. సైకిల్ మీద వెళ్తుంటే నా నెత్తి మీదుగానే ఆ చిన్న విమానాలు దిగేవి. ఎక్కి చూడాలనిపించింది. నేను ఆకాశం గురించి రాసిన యాభై పేజీలూ నిజంగా ఆకాశం గురించేనా అన్న అనుమానం కూడా లోపల ఉందేమో.

ఇది అందరికీ అందే అవకాశం కాదని తెలుసు. విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కలిపితే గంటకు దాదాపు 200 డాలర్లు. ఇంటి బాధ్యతలు లేని ఫెలోషిప్ జీతం, ఒంటరి బతుకు, అడిగే వాళ్ళు దగ్గర లేకపోవడం, ఇవన్నీ కలిసొచ్చాయి. సెప్టెంబర్ 11, 2001 తర్వాత అక్కడ విదేశీయులు విమానం నడపడం నేర్చుకోవాలంటే ముందు భద్రతా తనిఖీ కావాలి. వేలిముద్రలిచ్చి, నా పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసిచ్చి, అనుమతి వచ్చాకే మొదటి పాఠం.

స్వేచ్ఛ మీద యాభై పేజీలు రాసిన నా చేతికి ఆ రోజు ముందుగా వచ్చింది ఒక చెక్‌లిస్టు. ఆయిల్ ఎంతుందో చూడాలి. రెక్కల్లోని ట్యాంకుల్లో పుల్ల ముంచి పెట్రోలు కొలవాలి. అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి దించి, నీళ్ళు కలిశాయేమో వెలుతురుకు పట్టి చూడాలి. రెక్క అంచుల్ని చేత్తో తడమాలి. ఇదంతా నాకు మా అమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు చేసే పనుల్ని గుర్తు చేసింది. ఒకరు చెప్పనక్కర్లేకుండా, ఒక్కటీ మరవకుండా, వరసగా.

ఎగరడం తొందరగానే వచ్చింది. నాలుగైదు గంటల్లో తిన్నగా పోవడం, మలుపులు, ఎత్తు పెంచడం, తగ్గించడం నేర్చుకున్నాను. మిగిలిన కాలమంతా దిగడానికే పట్టింది. దిగడమంటే విమానాన్ని నేలకు ఆనించడం అనుకునేదాన్ని. నిజానికి నేలకు ఒకటి రెండు అడుగుల ఎత్తులో, అది ఇక ఎగరలేని స్థితికి వచ్చేదాకా ఓపిగ్గా పట్టుకుని ఉండటం. 65 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లతో, రన్‌వే మీదికి వచ్చి, నేల దగ్గరపడ్డాక ఇంజిన్ శక్తి తగ్గించి, ముక్కును మెల్లగా పైకెత్తాలి. దీన్నే ఫ్లేర్ అంటారు. వేగం ఎక్కువై ముక్కు ఎత్తితే విమానం మళ్ళీ పైకి లేస్తుంది. తక్కువైతే ధబేలుమని కూలబడుతుంది. చూపు ముందున్న నేల మీద కాకుండా రన్‌వే చివరన ఉండాలి. నా సిద్ధాంత గ్రంథం తర్వాత తీసి చూసుకున్నాను. ఆకాశం అధ్యాయంలో ‘దిగడం’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

పందొమ్మిది గంటల శిక్షణ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి, నన్ను ఒంటరిగా పంపాడు. మూడుసార్లు ఎగిరి, మూడుసార్లు దిగాను. అక్కడ ఒక ఆచారం ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరిన విద్యార్థి చొక్కా వెనక భాగాన్ని కత్తెరతో కత్తిరిస్తారు. పాత కాలపు విమానాల్లో గురువు వెనక సీట్లో కూర్చుని, చొక్కా కొస పట్టి లాగి ఏం చెయ్యాలో చెప్పేవాడట. ఇక లాగనక్కర్లేదని దానర్థం. నేను వేసుకున్నది ఖమ్మంలో కుట్టించుకున్న నీలం కుర్తా. “కత్తిరించొచ్చా?” అని ఆ కుర్రాడు మొహమాటపడుతూ అడిగాడు. కత్తిరించమన్నాను. వెనక నుంచి లాగే కొస ఒకటి పోయిందన్నది నాకు అక్కడున్న అందరికంటే ఎక్కువ అర్థమైందనుకుంటాను.

అక్టోబర్ శనివారం నాది మూడో ఒంటరి ప్రయాణం. పడమటి వైపు రన్‌వే మీద దిగాలి. గాలి నైరుతి నుంచి, అంటే నా ఎడమ పక్క నుంచి, పెద్ద జోరుగా ఏమీ కాదు. మొదటి రెండుసార్లు బాగానే దిగాను. మూడోసారి వేగం 72 నాట్లుంది. చూశాను. సర్దుకుంటుందిలే అనుకున్నాను. ముక్కు ఎత్తగానే విమానం నేలకు దిగకుండా పది అడుగులు పైకి లేచింది. వేగం పడిపోతోంది, నేల దూరమవుతోంది. భయంతో కంట్రోల్ వీల్‌ను ముందుకు తోశాను. ముందు చక్రం నేలకు తగిలి విమానం ఎగిరిపడింది. మళ్ళీ తోశాను. ఈసారి ఇంకా గట్టిగా తగిలి ఇంకా పైకి. మూడోసారి ప్రొపెల్లర్ రెక్కలు తారుకు కొట్టుకున్న చప్పుడు విన్నాను. అప్పటికి గాలి ముక్కును ఎడమకు తిప్పుతోంది. నేను కారు నడుపుతున్నట్టు వీల్‌ను కుడికి తిప్పేశాను. నేల మీద విమానం దారి మళ్ళేది చేతులతో కాదు, కాళ్ళ కింద ఉన్న పెడల్స్‌తో. ఆ సంగతి పరీక్షలో ఎవరడిగినా చెప్పగలను. కాని నా కాళ్ళు రెండూ కొయ్యబారి ఉన్నాయి. పైగా వీల్ కుడికి తిప్పితే ఎడమ రెక్క లేస్తుంది, దాని కిందికి ఎడమ గాలి దూరుతుంది. రన్‌వే అంచు దీపం ఒకటి పక్క నుంచి పోయింది, తర్వాత గడ్డి, తర్వాత ముందు చక్రం విరిగిన కుదుపు. మొదటి గెంతు నుంచి ఇక్కడికి ఏడెనిమిది సెకన్లుంటుందేమో.

చేయాల్సింది చాలా చిన్న పని. మొదటిసారి పైకి లేవగానే ఇంజిన్‌కు పూర్తి శక్తి ఇచ్చి, కుడికాలు బలంగా తొక్కి, తిన్నగా పైకి వెళ్ళిపోవడం. ఇంజిన్ పూర్తి శక్తితో ఉన్నప్పుడు ఈ విమానం ముక్కు ఎడమకు లాగుతుంది, అందుకని కుడికాలు. ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దిగొచ్చు. దీన్ని గో-ఎరౌండ్ అంటారు. చక్రాలు ఒకసారి తగిలాక కూడా చేయొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నేను పదిహేనుసార్లు సాధన చేసిన పని. ఆ రోజు నాకు గుర్తే రాలేదు. మొదలుపెట్టిన దాన్ని ఎలాగో ఒకలా పూర్తి చేయాలి, చెడిపోతున్నా సర్దుకుపోవాలి, నలుగురూ చూస్తుండగా వెనక్కి తగ్గకూడదు. ఈ మూడూ నాకు ఫ్లయింగ్ స్కూల్ నేర్పలేదు. అంతకుముందే వచ్చు. వద్దనుకున్న పెళ్ళిని మంగళసూత్రం ముడి పడే నిమిషంలో కూడా వద్దనొచ్చని మనకు ఎవరు చెప్పారు గనక?

విమానం ఆగాక నా చేయి తనంతట తనే మిక్స్చర్ నాబ్‌ను వెనక్కి లాగి, తాళం తిప్పి, మాస్టర్ స్విచ్ ఆపి, పెట్రోలు మూసింది. తలుపు తీసుకుని దిగి, దూరంగా నడిచి గడ్డిలో కూర్చున్నాను. ఇన్‌స్ట్రక్టర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, పెద్ద ఎయిర్‌లైన్స్‌లో చేరడానికి గంటలు కూడబెట్టుకుంటున్నాడు. నన్ను ఒంటరిగా పంపొచ్చని నా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టింది అతనే. నన్ను తడిమి చూసి దెబ్బల్లేవని తెలిశాక అతని మొహం పాలిపోయింది. ఇద్దరం ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూ ఉండిపోయాం.

స్కూల్ యజమాని పెద్దాయన, మంచివాడు. కాఫీ తెచ్చిచ్చి, “నీలాంటి వాళ్ళకి ఇది కష్టమేనమ్మా, మనసుకు తీసుకోకు” అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. తిట్టినా బాగుండేది. అంతకు రెండు వారాల ముందు ఒక కుర్ర విద్యార్థి బ్రేకులు గట్టిగా తొక్కి టైరు పేల్చుకున్నాడు. ఆ కథను అందరూ నవ్వుతూ చెప్పుకునేవారు, అతను కూడా. ఆ టైరు అతని టైరు. నా విరిగిన చక్రం మాత్రం ‘నీలాంటి వాళ్ళ’ది. ఆ ‘నీలాంటి’లో ఆడవాళ్ళున్నారో, పుస్తకాలు చదువుకునే వాళ్ళున్నారో, పరాయి దేశం వాళ్ళున్నారో నేను అడగలేదు. ఆ మాట నేను నమ్మేశాను, అసలు బాధ అక్కడుంది.

నమ్మడానికి తయారుగా ఎందుకున్నానో ఆలోచిస్తే మా అన్నయ్య సైకిల్ గుర్తొస్తుంది. అన్నయ్య మోకాళ్ళు చీరుకుని ఇంటికొస్తే “పడితేనే వస్తుందిరా” అని నాన్న పసుపు పెట్టేవాడు. నేను ఒకే ఒక్కసారి పడ్డాను. “చాలిక, నీకెందుకొచ్చింది” అని సైకిల్‌కు తాళం పడింది. నాన్న నా మీద ప్రేమతోనే ఆ పని చేశాడు. ‘తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు’ అనే సామెతను మా నాయనమ్మ చెబుతుంటే ఆయన కోప్పడేవాడు కూడా. అయినా పడటం అన్నయ్యకు పాఠమైంది, నాకు తీర్పు అయింది. నేను సైకిల్ నేర్చుకున్నది ఇరవై తొమ్మిదో ఏట, ఆ మొక్కజొన్న చేల ఊళ్ళో.

అలాంటి ప్రమాదం జరిగితే అమెరికాలో జాతీయ రవాణా భద్రతా మండలికి పది రోజుల్లోగా ఒక నివేదిక పంపాలి. ఫారం నేను నింపాలి. జరిగింది రాయమన్న చోట రెండు పేజీలు రాశాను. నాకు సహజంగా యంత్రాల మీద పట్టు లేదని, ఆ రాత్రి సరిగా నిద్రపోలేదని, బహుశా ఒంటరిగా ఎగరడానికి తొందరపడ్డానని, అందరికీ ఇబ్బంది కలిగించానని. ఇన్‌స్ట్రక్టర్ చదివి ఫారం వెనక్కిచ్చాడు. నువ్వెలాంటి దానివో వాళ్ళు అడగలేదు, ఏం జరిగిందో అడిగారు అన్నాడు. నిద్ర సంగతి ఉంచమన్నాడు, అది సమాచారం. మిగతావి తీసెయ్యమన్నాడు. గాలి ఏ దిక్కు నుంచి, వేగం ఎంత, ఎన్నిసార్లు గెంతింది, చేతులెటు తిప్పావు, కాళ్ళెక్కడున్నాయి, ఇంజిన్ ఎప్పుడు ఆపావు? ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఇంజిన్, పెట్రోలు, కరెంటు నేను వరసగా, తప్పు లేకుండా ఆపిన సంగతి ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆత్మకథల మీద పాఠాలు చెప్పే దాన్ని నేను. స్త్రీలు తమ గురించి రాసుకున్నప్పుడు సంజాయిషీ స్వరం ఎలా చొరబడుతుందో, ‘నా వంటి అల్పురాలు’ అన్న పీఠిక ఎంతమంది పుస్తకాలకు గుమ్మంలా నిలబడిందో విద్యార్థులకు చూపించేదాన్ని. సంఘటన అడిగితే నేరాంగీకారం రాసిచ్చానని నాకు తెలియడానికి మాత్రం ఒక ఫ్లయింగ్ స్కూల్ కుర్రాడు కావలసి వచ్చాడు. ఆ ఫారంలోనే ఇంకో ప్రశ్న ఉంది, ఈ ప్రమాదాన్ని ఎలా నివారించి ఉండొచ్చు అని. ‘నేను వెళ్ళకుండా ఉండాల్సింది’ అని నా మొదటి జవాబు. ‘మొదటి గెంతు దగ్గర గో-ఎరౌండ్ చేయాల్సింది’ అన్నది చివరికి రాసిన జవాబు. రెండో జవాబులో నేనింకా విమానంలోనే ఉన్నాను.

ఆ మండలి నివేదికలు ఎవరైనా చదవొచ్చు. పరిశోధకురాలి బుద్ధి కదా, చదవడం మొదలుపెట్టాను. తేలికపాటి విమానాలు దిగేటప్పుడు జరిగే ప్రమాదాలు చాలా ఎక్కువ, వాటిలో ప్రాణాలు పోయేవి తక్కువ. కారణం చెప్పే వాక్యం మళ్ళీ మళ్ళీ దాదాపు ఒకటే: నేల మీద పరుగులో విద్యార్థి పైలట్ దిశను అదుపులో ఉంచలేకపోవడం. పైలట్ పేరుండదు. వయసు, ఆడో మగో మాత్రం ఉంటుంది. నా బాధంతా ఆ వాక్యంలో ఇమిడిపోవడం మొదట అవమానంగా అనిపించింది, తర్వాత ఊరటగా. నాలా గెంతిన వాళ్ళు ఎందరో ఉన్నారు, ఎక్కువమంది మగవాళ్ళే. వాళ్ళెవరికీ చక్రం ‘నీలాంటి వాళ్ళ’ది కాలేదు.

ఆ వాక్యాన్ని తెలుగు చేద్దామని కూర్చుంటే వ్యాకరణం అడ్డం పడింది. విద్యార్థి పైలట్ అదుపు చేయలేకపోయా‘డు’ అని చేయి ముందుగా రాస్తుంది. నా సంగతి కనక ‘చేయలేకపోయింది’ అని దిద్దాలి. కర్త తీసేసి ‘దిగుతూ అదుపు తప్పింది’ అంటే ఎవరు తప్పినట్టు? విమానమా, నేనా? తెలుగులో తేడా తెలియదు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో కలిసి నడుస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చదువుకున్నాం. ఒంటరిగా ఉన్నప్పుడు విమానం, గేదె, నేను ఒకటే క్రియ. పదిమంది కలిస్తేనే మనుషుల క్రియ. దీని మీద చాలామంది ముందే రాశారు. నాకు మాత్రం ఆ గడ్డిలో, ముక్కు విరిగిన ఒక ‘అది’ పక్కన కూర్చున్నాకే ఒంటికి తగిలింది.

ఇక ‘అదుపు’. మనం దీన్ని ఎలా విన్నాం? ‘ఆ ఇంట్లో ఆడపిల్లలకి అదుపు లేదు.’ ‘నోరు అదుపులో పెట్టుకో.’ అదుపాజ్ఞలు. పేపర్లో అయితే పోలీసులు ‘అదుపులోకి తీసుకున్నారు’. ముప్పై ఏళ్ళూ నేను అదుపులో ఉండటమో, ఉండకపోవడమో చేశాను. ఉంటే మంచిదాన్ని, ఉండకపోతే తిరుగుబాటుదారుని. స్త్రీవాదం నాకు ఆ రెండో దారి చూపింది, దానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కాని కాక్‌పిట్‌లో ఆ రెండూ పనికిరాలేదు. అక్కడ అదుపు చేయాల్సింది నేను. తప్పితే నా శీలానికి సంబంధం లేదు, వేగానికి, గాలికి, కుడికాలికి సంబంధం. తప్పిన తర్వాత మళ్ళీ అదుపు తెచ్చుకునే పని కూడా నాదే. ఎగరడాన్ని పంజరంలోంచి బయటపడటంగానే చదివిన నా అధ్యాయంలో ఈ పనికి చోటు లేదు.

నాకంటే ముందు పడిన వాళ్ళ కోసం వెతుక్కున్నాను. ప్రపంచంలో పైలట్ లైసెన్సు పొందిన మొదటి స్త్రీ, ఫ్రాన్సుకు చెందిన రేమోండ్ ద లరోష్. ఆ లైసెన్సు చేతికొచ్చింది 1910 మార్చి 8న. అదే ఏడు జులైలో రాన్స్ విమాన ప్రదర్శనలో కూలిపోయి తీవ్రంగా గాయపడింది. కోలుకుని మళ్ళీ ఎగిరింది. 1919 జులైలో ఒక ప్రయోగ విమానం దిగబోతూ కూలి మరణించింది. లాహోరులో 1936లో, ఇరవై ఒకటో ఏట, చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిన సరళా ఠక్రాల్ అప్పటికే నాలుగేళ్ళ కూతురికి తల్లి. మూడేళ్ళ తర్వాత పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయాక కూడా ఆమె కమర్షియల్ లైసెన్సు శిక్షణకు జోధ్‌పూర్ వెళ్ళింది. యుద్ధం రావడంతో అది ఆగిపోయింది.

మన బేగంపేట కథ కూడా ఒకటుంది. 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన సంస్థలు కాదన్నాక, ఉద్యోగం ఇచ్చింది హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది. అయినా పక్క సీటే తప్ప విమానం మొత్తంగా ఆమె చేతికి రాలేదు, వేరే చోటు వెతుక్కుని వెళ్ళిపోయింది. పొరపాటు చేసే అవకాశం కూడా అధికారంలో భాగమే అని ఆమె గురించి చదివాక అనిపించింది. పక్క సీట్లో కూర్చున్న వాళ్ళ చేతిలో విమానం అదుపు తప్పదు.

సాహిత్యం వైపు నుంచి నన్ను ఎక్కువ పట్టుకున్నది బెరిల్ మార్కమ్. కెన్యాలో పెరిగిన ఇంగ్లిష్ స్త్రీ. 1936 సెప్టెంబర్‌లో ఇంగ్లండు నుంచి పడమటికి అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటింది. పెట్రోలు అందక ఇంజిన్ ఆగిపోతే, కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో బురదనేల మీద దింపింది. చక్రాలు కూరుకుపోయి విమానం ముక్కు మీద నిలబడింది, నుదురు చిట్లింది. ఆ ముక్కు మీద నిలబడ్డ విమానంతోనే ఆమె చరిత్రలోకెక్కింది. ఆరేళ్ళ తర్వాత ‘వెస్ట్ విత్ ద నైట్’ రాసింది. ఆ పుస్తకం 1983లో మళ్ళీ అచ్చయి పేరు తెచ్చుకున్నాక, అది ఆమె కాదు మూడో భర్త రాశాడన్న వాదం బలంగా వచ్చింది. ఒక జీవితచరిత్రకారిణి ఆమె పక్షాన నిలిచింది, ఇంకొకరు భర్త పక్షాన. కూలిన విమానం ఆమెదేనని అందరూ ఒప్పుకున్నారు. తిన్నగా దిగిన పుస్తకం దగ్గరే సందేహం వచ్చింది. మన దగ్గర కూడా రచయిత్రి పుస్తకం బాగుంటే వెనక ఎవరున్నారని అడిగే వాళ్ళకు కొదవ లేదు.

ఇవన్నీ చదవడం ఒక ఎత్తు, మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడం ఒక ఎత్తు. ఆరు వారాల తర్వాత వేరే విమానంలో, అదే ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్ళాను. ఈ రోజు దిగొద్దు అన్నాడు అతను. రన్‌వే మీదికి తెచ్చి, నేలకు పదిహేను అడుగుల ఎత్తు నుంచి పూర్తి శక్తితో వెళ్ళిపోవడమే ఆ రోజు పాఠం. అలా ఏడుసార్లు చేశాం. మొదటిసారి కుడికాలు తొక్కడం మళ్ళీ ఆలస్యమైంది, ముక్కు ఎడమకు లాగింది, సరిచేసుకున్నాను. మూడోసారికి కాలు దానంతట అది పడింది. ఎనిమిదోసారి దిగక తప్పదు కదా, దిగాం. అంత అందంగా ఏం లేదు.

లైసెన్సు రాలేదు. కనీసం 40 గంటలు కావాలి, నా లాగ్‌బుక్‌లో 31 ఉన్నాయి. ఫెలోషిప్ అయిపోయింది, డబ్బూ అయిపోయింది, వెనక్కి వచ్చేశాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మిగతా తొమ్మిది గంటలు పూర్తి చేస్తానో లేదో తెలియదు. ఇప్పుడు మన దేశంలో పైలట్లలో స్త్రీలు సుమారు 15 శాతం, ప్రపంచ సగటుకు దాదాపు మూడింతలు. ఆ లెక్క వింటే సంతోషమే. నేను ఆ లెక్కలో లేను. సిద్ధాంత గ్రంథాన్ని మాత్రం పుస్తకంగా తిరగరాస్తున్నాను. ఆకాశం అధ్యాయం చాలా మారింది. ఎగిరిన వాళ్ళు ఎక్కడ దిగారు, ఎలా దిగారు, దిగేటప్పుడు దెబ్బ తగిలితే ఏం రాసుకున్నారు, రాసుకోలేకపోతే ఎందుకు అని వెతుకుతున్నాను. నా తరం వాళ్ళం పెళ్ళిళ్ళలోంచి, ఉద్యోగాల్లోంచి, సంఘాల్లోంచి బయటికి ఎగిరిన సంగతులు బాగానే రాసుకున్నాం. దిగడంలో తిన్న దెబ్బల్ని ఓటమి అనుకుని దాచుకున్నాం.

అమ్మకు 2022లో చెప్పాను, ఖమ్మంలో, వేసవిలో, మామిడికాయ ముక్కలు తుడుస్తున్నప్పుడు. గెంతడం, ప్రొపెల్లర్ చప్పుడు, గడ్డి, యజమాని మాట, అన్నీ చెప్పాను. అమ్మ తుడుస్తూనే వింది. ఆ విమానం బాగుచేయడానికి ఎంతైందో, ఎవరు కట్టారో అడిగింది. ఇన్సూరెన్సు వాళ్ళని చెప్పాను. పెట్రోలు నువ్వే ఆపావా అంది. నేనే ఆపానన్నాను. కాసేపాగి, “మళ్ళీ ఎక్కావా?” అంది.

“ఎక్కానమ్మా. ఆరు వారాల తర్వాత.”

“మరి ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా. ఇందాకట్నుంచీ నా ప్రాణం తీస్తున్నావు.”